ఉప్పు దీపం

లసుమవ్వ గడప మీద నుంచి లేవలేదు.

పొద్దున చాయ్ తాగి కూర్చున్న మనిషి, ఎండ వాకిలి దాటి అరుగు మీదికి ఎక్కినా అక్కడే ఉంది. ఆమె వెనక అర్రలో, పోయిన వదిన రాజమణి ఫోటో ముందు ఇత్తడి దీపం. ఆమె ముందు హాలులో, టీపాయ్ మీద, నిన్న రాజమణి మంచం కింద నుంచి బయటికి తీసిన చెక్కపెట్టె. పిలవకుండా వచ్చిన చుట్టంలాగా అది ఇంటి మధ్యలో ఉంది. దాని చుట్టూ ముగ్గురు ఆడపిల్లలు.

"లెవ్వు లసుమా. ఇంత బువ్వ తిను," అన్నాడు దేవయ్య.

"నేను లెవ్వంగనె వీళ్ళు లోపటికి సొర్రాలె. గంతేగద అన్నా నీ ఉపాయం?"

దేవయ్య బువ్వ గిన్నె మీద మూత పెట్టాడు. ఏళ్ళ తరబడి బడిలో తెలుగు చెబుతున్న మనిషి. భార్య పోయినప్పటి నుంచి ఆయన ఇంట్లో వాడే మాటలు తగ్గాయి. మిగిలినవి కూడా చూసి చూసి వాడుతున్నాడు.

"అత్తమ్మా, మేం సొర్రెతందుకు రాలే. చదువుకునెతందుకు అచ్చినం," అంది ప్రీతి. సిరిసిల్ల పిల్ల. చంకలో నల్లగుడ్డ చుట్ట ఉంది. వాళ్ళ నాన్న నడిపే సాంచ మీద, ఆ మరమగ్గం మీద, లంగాల కోసం నేసిన గుడ్డ.

"ఎవరికే అత్తమ్మ?"

"సారు మాకు బాపుసొంటోడు. బాపు చెల్లె అత్తమ్మనే అయితది."

"నోరు మంచిగనే ఉన్నది. గా గుడ్డేంది?"

"కిటికీకి కడ్తం. అర్ర చీకటి కావాలె."

ఆ మాట వినగానే లసుమవ్వ రెండు చేతులూ గుమ్మానికి అటూ ఇటూ ఆనించింది.

"ఇన్నవా అన్నా? చీకటి కావాల్నట. వదినె పాణం పోయిన అర్ర. ఏడాది మాసికం దాక దీపం మల్పద్దని నువ్వు అన్నవా, నేనన్ననా? నువ్వు బడికి పోతవు. దినాం నూనె పోసేది నేను. ఒత్తి ఎగదోసేది నేను. గిప్పుడు చీకటి చేసి అండ్ల ఆటలాడ్తరట."

"ఆట కాదత్తమ్మా. రేపు పరీక్ష."

"పరీక్షుంటె కాలేజిల చేస్కోండ్రి. గాడ లేదా చీకటర్ర?"

స్రవంతి గోడ వైపు చూసింది. పూజ తన చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

కాలేజీలో డార్క్ రూం ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి కొత్త ఇన్‌చార్జి సారు జేబులో ఉంది.

రాజమణి ఉన్నన్నాళ్ళూ ఆ తాళం సంగతి ఎవరికీ తెలియదు. జగిత్యాలలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పింది ఆమె. పూజ చేరినప్పుడు రిజిస్టర్‌లో అబ్బాయి పేరు రాసుకున్నారు. రెండో ఏడు పూజ చుడీదార్ వేసుకుని, బొట్టు పెట్టుకుని, కోరుట్ల బస్సు దిగి నేరుగా క్లాసుకు వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. క్లాసంతా వెనక్కి తిరిగి చూస్తుంటే రాజమణి హాజరు తీస్తూ, "నిన్నేమని పిలవాలె?" అని అడిగింది. "పూజ" అంది ఆ పిల్ల. "పూజా, ముందు బెంచీలకు రా. గాడికెల్లి బోర్డు కనబడది," అంది రాజమణి. అంతే. ఆ రోజు నుంచి క్లాసులో ఆ పేరే.

రాజమణి పోయాక వచ్చిన ఇన్‌చార్జి సారుకు అంత తేలిగ్గా కుదరలేదు. పూజను అబ్బాయిలతో పంపనని ఆయనే అన్నాడు. అమ్మాయిలతో చీకటి గదిలోకి పంపితే తల్లిదండ్రులు ఊరుకోరనీ ఆయనే అన్నాడు. చివరికి ఒక దారి చెప్పాడు. స్రవంతి, ప్రీతి లోపలికి వెళ్ళి ప్రయోగం చేసుకోవచ్చు. పూజకు రీడింగులు తానే రాసిస్తాడు, రికార్డులో ఎక్కించుకుంటే చాలు.

ఆ ఇద్దరూ లోపలికి వెళ్ళలేదు. పూజ ఆ రీడింగులు తీసుకోలేదు. గది తాళం తియ్యలేదు.

అందుకే పరీక్ష రేపనగా ఈ ముగ్గురూ రాజమణి ఇంట్లో ఉన్నారు.

"చెప్పరేందే? కాలేజిల ఎందుకు చేస్కోరు?" అని లసుమవ్వ మళ్ళీ అడిగింది.

"నా పాపానికే అత్తమ్మా," అంది పూజ.

"నీ పాపం ఏం లేదు. ఊకో," అంది స్రవంతి. పెగడపల్లి పిల్ల. పొద్దున నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

లసుమవ్వ పూజను కింది నుంచి పైదాకా చూసింది. కాళ్ళ పట్టీలు. మెడలో సన్నటి పూసలు. నొసట కుంకుమ బొట్టు.

"గీ పిల్లగాడేనా?"

"పిల్లగాడు కాదు, పూజ," అంది ప్రీతి.

"నా నోటికి రాదే తల్లీ. నన్ను బల్మి చెయ్యకు."

"లసుమా," అన్నాడు దేవయ్య. గొంతు పెంచలేదు. కానీ లసుమవ్వ అన్న వైపు తిరిగి చూసి, తర్వాతి మాటను మింగింది.

"మీ అవ్వ ఏమంటది?" అని అడిగింది లసుమవ్వ, ఈసారి నేరుగా పూజనే.

"ఏమంటది? మొదలు మస్తు ఏడ్చింది. బీడీలు చుట్టుకుంటనే ఏడ్చింది. గిప్పుడు జడేస్తది."

లసుమవ్వ కొంగుతో మెడ తుడుచుకుంది.

పూజ వంగి చెక్కపెట్టె మూత వేసింది. "మేం పోతం సార్. ఇంట్ల లొల్లి ఎందుకు? మా తిప్పలేదో మేం పడ్తం."

పెట్టె లేపబోయింది. స్రవంతి దాని మీద చెయ్యి పెట్టింది. లేపనివ్వలేదు. ఒకరు లేపుతూ, ఒకరు అదుముతూ ఇద్దరూ అలాగే ఉండిపోయారు. ఇద్దరి కళ్ళూ నిండి ఉన్నాయి.

దేవయ్య లేచాడు. వచ్చి చెల్లెలి ఎదురుగా, నేల మీద, ఆమె ఎత్తుకు సమంగా కూర్చున్నాడు.

"దీపం మల్పుమని నేను చెప్పను. నువ్వు పోస్తున్న నూనె నాకెర్కే. కానీ ఈ పెట్టె ఎవరిది?"

"వదినెది."

"ఆమె మంచం కింద ఎందుకు పెట్టుకుంది?"

లసుమవ్వ తల తిప్పుకుంది. "నాకేమెర్క. మీ చదువుకున్నోళ్ళ సంగతి."

"నాకూ తెల్వది. నేను తెలుగు సారును. కానీ ఎవరికోసమో పెట్టింది. ఈళ్ళకోసం కాకుంటె ఎవరికోసం?"

"పెట్టనీ. దీపం లేకుంటె అర్రల వదినె ఎట్ల ఉంటది? గది చెప్పు."

దేవయ్య ఆమె భుజం మీదుగా అర్రలోకి చూశాడు. ఆయన ప్రతి సాయంత్రం ఆ గుమ్మం దాకా వచ్చి ఆగిపోతున్నది ఆ ప్రశ్న దగ్గరే.

పూజ పెట్టె వదిలేసి, మోకాళ్ళ మీద కూర్చుంది. "అత్తమ్మా, దీపం ఉండాలె. గంతే గద?"

"గంతే."

"నూనెదే ఉండాల్నా?"

"మరి దేనిదుంటది?"

పూజ పెట్టెలోంచి, చెక్క గూటిలో అమర్చిన పొడుగు గాజు దీపాన్ని రెండు చేతులతో ఎత్తి చూపింది. "ఇది మేడం దీపం. దీంతోనే ప్రయోగం చేస్తరు. అర్రల ఇది వెలుగుతనే ఉంటది. మాకు బయటి వెలుగు రావద్దు, గంతే."

"కరెంటు బుగ్గనా? గది దీపమెట్ల అయితది?"

"మామూలు బుగ్గ కాదు. నువ్వు దిష్టి తీసి ఉప్పు పొయ్యిల ఏస్తవు గద. మంట ఏ రంగయితది?"

లసుమవ్వ ఆలోచించింది. "పసుపుపచ్చగ. సిటపటలాడుకుంట."

"గదే వెలుగు. ఉప్పుల ఉండే సోడియమే దీంట్ల ఉన్నది. పొయ్యిల అది జరసేపే కనబడ్తది. దీంట్ల మనం ఆపేదాక ఉంటది."

"ఉప్పు దీపమన్నట్టు," అంది లసుమవ్వ మెల్లగా.

"ఉప్పు దీపమే."

లసుమవ్వ అన్న మొహం చూసింది. ఫోటో వైపు చూసింది. తర్వాత షరతులు ఒక్కొక్కటే చెప్పింది. గా దీపం లేసినంకనే గీ దీపం తీస్త. మల్పను గని, తెచ్చి హాలుల పెడ్త. నడుమ అర్ర ఒక్క రెప్పపాటు గూడ చీకటి కావద్దు. వీళ్ళు లోపట ఉన్నంతసేపు నేను గూడ లోపటనే ఉంట.

"ఉండత్తమ్మా. నువ్వుంటె మాకే ధైర్యం," అంది ప్రీతి.

"ధైర్యం మీకు కాదే, నాకు గావాలె," అని లసుమవ్వ గడప మీద నుంచి లేచింది. మోకాలు పట్టేసి మళ్ళీ గుమ్మం పట్టుకుంది. పూజ చెయ్యి అందించింది. లసుమవ్వ ఆ చెయ్యి పట్టుకోలేదు. తోసెయ్యనూ లేదు.

*

కిటికీకి గుడ్డ కట్టే ముందు, పెట్టెలోంచి తీసిన స్పెక్ట్రోమీటర్‌కు ఉన్న టెలిస్కోపును దూరపు వస్తువు మీద సరిచేయాలి. ఎక్కువ దూరంలో కనిపించేది ఖిల్లా గోడే. ప్రీతి దానివైపు తిప్పి, కన్ను పెట్టి, నవ్వింది.

"ఖిల్లా తలకిందులయ్యింది సార్! జగిత్యాల మొత్తం ఉల్టా."

"గట్లనే కనబడాలె. ఊరికెనే సంబురపడకు, స్పష్టంగ ఉన్నదా చెప్పు," అంది పూజ. పెట్టె దగ్గరికి వచ్చాక ఆమె గొంతు మారింది. సంకోచం పోయింది.

దేవయ్య మంచాన్ని గోడ వైపు జరిపాడు. పది నెలల్లో ఆ మంచాన్ని ఎవరూ కదల్చలేదు. కింద నేల మీద దాని కాళ్ళ గుర్తులు నాలుగు తెల్లగా ఉన్నాయి. ఆయన వాటిని చూసి, చాప తెచ్చి వాటి మీద పరిచాడు. స్రవంతి వచ్చి అదే చాప మీద కూర్చుంది.

సిరిసిల్ల గుడ్డ కిటికీని మూసింది. తలుపు దగ్గరగా వేశారు. ఉప్పు దీపం స్విచ్చి వేయగానే పెట్టె సన్నగా గుంయ్‌మంది. గాజులో ఎర్రటి వెలుగు మేలుకుంది.

"పసుపన్నరు, ఎర్రగున్నదేంది?" అంది లసుమవ్వ.

"వేడెక్కనీ. మెల్లమెల్లగ అయితది."

ఆ ఎర్ర వెలుగు గది నిండా పరుచుకున్నదని చూసుకున్నాకనే లసుమవ్వ ఇత్తడి దీపాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని, గాలి తగలకుండా కొంగు అడ్డుపెట్టి, హాలులోకి తీసుకుపోయింది. అల్మరా మీద నిలబెట్టి, వెలుగుతున్నదని రెండుసార్లు చూసి, వచ్చి మంచం మీద కూర్చుంది. ఎదురుగా బీరువా అద్దం.

గుంయ్‌మనే చప్పుడు. ఎరుపు తగ్గుతూ, పసుపు పెరుగుతూ. ప్రీతి టెలిస్కోపు ముందున్న గుండ్రటి చిన్న బల్ల మీద పట్టకాన్ని, మూడంచుల గాజుముక్కను, పెట్టింది. పూజ టెలిస్కోపుకు కన్ను ఆనించి, బల్లను వెంట్రుకవాసి తిప్పుతున్నది. స్రవంతి ఫోను లైటు చేతితో మూసి, రికార్డు పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది.

"గీత అచ్చింది. పోతున్నది. ఇంక పోతున్నది..." అంది పూజ.

అప్పుడు లసుమవ్వ కేక పెట్టింది.

"నా బొట్టు! అన్నా, నా బొట్టు సూడే!"

అద్దంలో ఆమె నొసట, పొద్దున పెట్టుకున్న రూపాయంత కుంకుమ, నల్లగా ఉంది. బొగ్గుతో పెట్టినట్టు.

ఆమె మంచం దిగి, తలుపు తోసుకుని హాలులోకి పరుగెత్తింది. బొట్టు మీద చెయ్యి పెట్టింది కానీ ముట్టుకోలేదు. ఫోను తీసి మస్కట్‌లో ఉన్న భర్తకు చేసింది. భూమన్న అక్కడ బిల్డింగు పనిలో ఉన్నాడు. ఫోను మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

"నేను చెప్పలేదా అన్నా? దీపం తియ్యద్దని చెప్పలేదా? ఆ మనిషికి ఏమన్న అయ్యిందేమో, నా బొట్టు నల్లగయ్యింది. అంతా గీ పిల్లగాని..."

ఆ మాటకు పూజ గుమ్మంలోనే ఆగిపోయింది.

దేవయ్య వంటింట్లోకి వెళ్ళాడు. రాజమణి వంట చేస్తూ జుట్టు సర్దుకోవడానికి మేకుకు వేలాడదీసిన చిన్న అద్దం ఇంకా అక్కడే ఉంది. తెచ్చి చెల్లెలి ముందు పట్టుకున్నాడు.

"చూడు."

లసుమవ్వ కళ్ళు మూసుకుంది. "నేను సూడ."

"చూడు లసుమా."

చూసింది. హాలులో పగటి వెలుగు. నొసట బొట్టు ఎర్రగా ఉంది.

ఆమె అద్దాన్ని లాక్కుంది. వెలుగుకు ఎదురుగా తిరిగి చూసుకుంది. అద్దంతో సహా అర్రలోకి వెళ్ళింది. "నల్లగున్నది!" అన్న మాట లోపల నుంచి వినిపించింది. బయటికి వచ్చింది. "ఎర్రగున్నది." మళ్ళీ లోపలికి వెళ్ళింది. ప్రీతి నవ్వు ఆపుకోలేక మొహానికి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతవేందే? నా పాణం పోతుంటె!"

ఇంతలో ఫోను మోగింది.

"ఏందే, గిన్నిసార్లు చేసినవ్? పనిల ఉన్న," అన్నాడు భూమన్న. వెనక సుత్తి చప్పుళ్ళు.

లసుమవ్వ ఊపిరి పీల్చుకుంది. "ఏం లేదు. తిన్నవా?"

"గిప్పుడా? గిందుకేనా చేసింది?"

"తిన్నవా లేదా చెప్పు."

"తిన్న. నీకు మంచిగనే ఉన్నదా?"

"నాకేమయితది," అని ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. అప్పుడు గుమ్మంలో నిలబడ్డ పూజను చూసింది.

"గిదేంది మరి? ఎట్ల అయితది? చెప్పు."

పూజ చున్నీ సర్దుకుంది. ఇందాకటి మాట ఇంకా ఆమె మొహంలో ఉంది. అయినా అడిగింది ఫిజిక్స్ కాబట్టి చెప్పింది.

"బొట్టు ఎర్రగ కనబడాలంటె, దాని మీద పడే వెలుగుల ఎరుపు ఉండాలె. ఎండల అన్ని రంగులు ఉంటయి. ఉప్పు దీపం వేడెక్కినంక దాంట్ల ఉండేది ఆ ఒక్క పసుపే. నీ కుంకుమ దాన్ని మింగుతది, తిరిగి ఏం ఇయ్యది. అందుకే నల్లగ కనబడ్తది."

"అంటె బొట్టు పోలే?"

"బొట్టు నొసట్నే ఉన్నదత్తమ్మా. దీపానికే కనబడ్తలేదు."

లసుమవ్వ ఆమె చెప్పినదాన్ని నమ్మిందో లేదో కానీ, మూడోసారి అర్రలోకి వెళ్ళింది. ఈసారి అద్దం తీసుకోలేదు. పసుపు వెలుగులో నిలబడి, వెనకే వచ్చిన పూజ మొహం చూసింది.

"నీది గూడ నల్లగనే ఉన్నది."

"ఆఁ."

"బయటికి పోతె ఎర్రగయితది."

"ఇప్పుడు గూడ ఎర్రగనే ఉన్నదత్తమ్మా."

లసుమవ్వ చాలాసేపు అలాగే చూసింది. తర్వాత మంచం మీద కూర్చుని, కాళ్ళు పైకి పెట్టుకుంది. "కానియ్యుండ్రి. పొద్దు పోతున్నది."

పూజ మళ్ళీ కన్ను ఆనించింది. వేళ్ళతో బల్లను మెల్లగా తిప్పింది. "పోతున్నది... మెల్లగయ్యింది... ఆగింది. స్రవంతీ, ఆగింది! తిప్పుతుంటె ఎనకకు మర్లుతున్నది. వెలుగు అన్నిటికంటె తక్కువ వంగే జాగ ఇదే, మేడం చెప్పింది ఇదే."

"చెయ్యి తియ్యకు. చదువుతున్న," అని స్రవంతి లైటు దగ్గర పెట్టి వెర్నియర్ కొలబద్ద మీది అంకెలు చదివింది. రాసింది. మళ్ళీ చేయించింది. మళ్ళీ రాసింది. తర్వాత తను కూర్చుంది, పూజ రాసింది. తర్వాత ప్రీతి. ఎవరికి వారే గీతను వెతుక్కున్నారు. ఎవరికి వారికే అది చేతి కింద ఆగింది.

"సార్, మీరు చూడరా?" అంది ప్రీతి.

దేవయ్య కళ్ళజోడు తీసి, వంగి, కన్ను ఆనించాడు. నల్లటి గుండ్రంలో సన్నటి పసుపు గీత ఒకటి నిలబడి ఉంది. పూజ చెయ్యి బల్ల మీద కదిలింది. గీత జరిగింది. జరిగి జరిగి, ఒకచోట ఆగి, ఇంకెటూ పోలేనట్టు మెల్లగా వెనక్కి వచ్చింది.

ఆయన లేచి, కళ్ళజోడు పెట్టుకున్నాడు. అది తుడవకుండానే పెట్టుకున్నాడు.

"బాగుంది," అన్నాడు.

*

మర్నాడు దేవయ్య బడికి సెలవు పెట్టాడు. ఆటోలో ముగ్గురు పిల్లలు వెనక కూర్చున్నారు. డ్రైవరు పక్కన దేవయ్య. ఆటో కదలబోతుండగా లసుమవ్వ వచ్చి, "జరుగుండ్రి," అని పిల్లల నడుమ కూర్చుంది. పట్టుచీర కట్టుకుంది. దేవయ్య పోనిమ్మని డ్రైవరుకు సైగ చేశాడు.

పై అంతస్తులో, వరండా చివర, డార్క్ రూం. తలుపుకు తాళం. ముందు ఇన్‌చార్జి సారు.

"సార్, మీరెందుకొచ్చిండ్రు? రాజమణి మేడం మీద గౌరవంతోనే చెప్తున్న. ఎగ్జామినర్ వచ్చే టైం అయ్యింది. ఆప్టిక్స్ రీడింగులు నేను రెడీ పెట్టిన. ముగ్గురికీ. ఎవ్వరికి ఇబ్బంది లేదు," అన్నాడు ఆయన.

"వాళ్ళు లోపలికి వెళ్ళి చేస్తారట," అన్నాడు దేవయ్య.

"ఇద్దరు పోవచ్చు. నేను అద్దన్ననా?"

"ముగ్గురం," అంది స్రవంతి.

"గదే గదమ్మా సమస్య. రేపు ఎవరన్న అచ్చి, ఆడపిల్లలతోని అట్లాంటి వాళ్ళను చీకట్ల ఎందుకు పెట్టిండ్రని అడిగితే జవాబు చెప్పాల్సింది నేను."

ఇదంతా జరుగుతుండగా లసుమవ్వ మెల్లగా ముందుకు నడిచి, డార్క్ రూం గడప మీద, తాళం కింద, కూర్చుంది.

"అమ్మా, గిక్కడ కూసోవద్దు. కాలేజిది."

"గడప ఏడున్నా గడపనే సారూ. నాకు అలవాటే."

"లెవ్వండమ్మా!"

"నిన్న గీ పిల్లలు మా ఇంట్ల చీకట్లనే కూసున్నరు. నేను గూడ కూసున్న. ఏం కాలే. గీత ఒకటి పోయింది, అచ్చింది. గంతే. మిమ్ముల ఎవరన్న అడిగితె నన్ను సూపుండ్రి, నేను చెప్త."

ఇన్‌చార్జి సారు దేవయ్య వైపు చూశాడు, కొంచెం చెప్పండి అన్నట్టు. దేవయ్య చెల్లెలినే చూస్తున్నాడు. నిన్న ఇదే మనిషి ఇదే భంగిమలో కూర్చుని ఇంటిని ఆపింది. ఈసారి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచింది దుఃఖాన్ని కాదని ఆయనకు తెలిసింది. ఇలా అనిపించి చాలా రోజులయింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. కరీంనగర్ నుంచి వచ్చిన ఎగ్జామినర్. నెరిసిన జుట్టు, నూలుచీర, చేతిలో ఫైలు. గడప మీద కూర్చున్న మనిషిని చూసి ఆగింది.

"ఎవరమ్మా మీరు?"

"రాజమణి ఆడిబిడ్డను."

ఎగ్జామినర్‌కు ఆ పేరు తెలుసో తెలియదో మొహంలో కనబడలేదు. ఇన్‌చార్జి సారు ముందుకొచ్చి, "చిన్న విషయం మేడం. రీడింగులు తీసి పెట్టేసినం. మీరు సంతకం పెడితే చాలు," అంటూ కాగితాలు అందించాడు.

ఆమె తీసుకుంది. చదివింది. తలెత్తి ముగ్గురినీ చూసింది.

"ఇవి మీరు తీసినవేనా?"

అవునంటే మార్కులు వస్తాయి. కాదంటే, ఆ మాట ఇదే సారు ముందు, ఇదే కాలేజీలో, డిగ్రీ చేతికి రాకముందే అన్నట్టు. ప్రీతి స్రవంతి చెయ్యి పట్టుకుంది.

"కాదు మేడం," అంది పూజ. "ఇవి మావి కావు. మావి మేం తీయగలం. తాళం తియ్యమని చెప్పండి."

ఎగ్జామినర్ చేతిలోని జాబితా చూసింది. అందులో ఆమెకు ఏ పేరు కనబడిందో అక్కడున్న అందరికీ తెలుసు.

"నీ పేరు?"

పూజ నోరు తెరిచే లోపల గడప మీద నుంచి జవాబు వచ్చింది.

"పూజ. మా వదినె శిష్యురాలు."

ఎగ్జామినర్ ఫైలు మూసి చంకలో పెట్టుకుంది. ఇన్‌చార్జి సారు వైపు అరచెయ్యి చాపింది, తాళంచెవి కోసం.

ఆయన చెయ్యి జేబులోకి పోయింది. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

లసుమవ్వ ఆయన్ను చూడలేదు. పూజను చూసింది. మోకాళ్ళు ఒక పక్కకు మడుచుకుని, మనిషి పట్టేంత దారి వదిలింది.

"రా బిడ్డా," అంది.